దొర వేసిన రోడ్డు

ఊరి ముందర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మరిగే తారు వాసన ఇంట్లోకి వచ్చి సంకటి ముద్దకు కూడా అంటుతోంది. ఆ రోడ్డును మొదట వేసింది తెల్లదొరల కాలపు కరువులో. కంకర కొడితేనే గంజి పోస్తామన్నారట. కొట్టలేక పడిపోయినవాళ్ళను పడ్డచోటనే పక్కన పూడ్చారట. వాళ్ళలో మా అవ్వకు అవ్వ కూడా ఉంది.

అందుకే నా చిన్నతనంలో ఆ రోడ్డెక్కితే చెప్పులు చేత్తో పట్టుకునేవాళ్ళం. ఎండాకాలం కంకర కాళ్ళు కాల్చేది, శనక్కాయ పీకే రోజుల్లో బురద వేళ్ళ సందుల్లోకి ఎగదన్నేది. పండక్కి ఓళిగలు చేస్తే మొదటిది అవ్వ ఆకులో పెట్టి రోడ్డు పక్కన ఉంచేది, కాకి వచ్చేదాకా మేం అచ్చంగాయలాడుతూ కాచుకునేవాళ్ళం.

బళ్ళో అయ్యవారు మాత్రం దొరలు దయగలవాళ్ళనీ, కరువులో పనిచ్చి కాపాడారనీ చెప్పేవాడు. దొరలు పోయి ఎన్నేళ్ళయినా, ఆ మాట వస్తే ఆయన నడుము వంగేది.

ఐదో తరగతిలో ఇన్‌స్పెక్టరు వచ్చి, ఈ రోడ్డు ఎవరు వేశారని నన్నే అడిగాడు.

"మా అవ్వోళ్ళ అవ్వ సార్. ఆడనే పూడ్చినారు."

ఆయన నవ్వాడు. ఆయన జీపెక్కి పోయాక అయ్యవారు నన్ను చింతబరికెతో కొట్టి, దొర వేశాడని ఒప్పుకుంటేనే బడికి రమ్మన్నాడు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని బడికి పోయింది.

"ఏమప్పా అయ్యవారూ, నీకు జీతమిచ్చేది ఇంకా ఆ దొరేనా?"

పిల్లలు నవ్వేసరికి ఆయన మరీ బిగిశాడు. ఒక్క మాట అనేసి చదువుకోమని నాయన బతిమాలాడు. నేను అనలేదు. నా చదువు అక్కడే ఆగింది, ఇప్పుడు సంతకం ఒక్కటే మిగిలింది. ఇది కూడా నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

దాని పుస్తకంలో ఆ కరువు ఒక్క వాక్యం. ఏదో దేశంలో, తమవాళ్ళు జనాన్ని చంపిన చోటికే పిల్లల్ని తీసుకుపోయి చూపిస్తారట. దొరల దేశంలో మన కరువు సంగతే శానామంది పిల్లలకు తెలీదట. చేసినవాడు దాచుకున్నాడంటే అర్థముంది. చచ్చినవాళ్ళ వంశంలో పుట్టి, బడి పెట్టి మరీ వాడికి దండం పెట్టించే ఈ పెద్దమనుషులను చూస్తేనే నాకు అసహ్యం. ఇప్పుడా రోడ్డుమీద చెప్పులు విడిచేవాళ్ళు ఎవరూ లేరు.

రేపు పిల్లకు పరీక్ష. దొరలు చేసిన మేళ్ళు రాయమంటే ఏం రాయాలని అడిగింది.

"వాళ్ళడిగిందే రాయి మే. నీ చదువు ఆగకూడదు" అన్నాను.

అది పుస్తకం తీసి, దొరల మేళ్ళు గట్టిగా వల్లెవేయడం మొదలుపెట్టింది.