చెల్లెలు ఆర్పేసిన నక్షత్రం

మా చెల్లెలు ఒకసారి మధ్యాహ్నం టీ తాగుతూ తాగుతూ ఒక నక్షత్రాన్ని ఆర్పేసింది. సరే, నక్షత్రాన్ని కాదు, దాని ఫోటోని. టీ మాట మాత్రం నిజం.

స్టూడియోలో ఆమె పని ఫోటోలు దిద్దడం. నెగెటివ్ మీది దుమ్ము ప్రింటులో తెల్లచుక్కై తేలుతుంది. సన్నటి కుంచెతో సిరా అద్ది దాన్ని మాయం చేయాలి. మచ్చ కనబడితే ఆమె చేయి ఊరుకోదు. ఒకసారి పెళ్లికొడుకు పుట్టుమచ్చను కూడా గీకేస్తే, కన్నతల్లే "వీడెవడు?" అంది.

ఆ రోజు బల్ల మీదికి వచ్చింది ఓ ఖగోళశాస్త్ర ప్రొఫెసరు ప్రింటు వేయమని పంపిన ఫోటో, ఎక్కడో దూరాన ఉన్న గెలాక్సీది. గిర్రున తిరుగుతుండగా ఎవరో పట్టి ఆపినట్టున్న సుడి. నడుమ ముసలి నక్షత్రాల ముద్ద, దాన్ని చుట్టుకున్న రెండు చేతులు, వాటి వెంట నల్లటి ధూళి చారలు. ఎడమ చేయి కొసన ఓ తెల్లచుక్క. కుంచె ఆగలేదు.

కాసేపటికి యజమాని ఫోను పెట్టేసి వచ్చాడు.

"అమ్మాయ్, ఆ గెలాక్సీలో ఓ నక్షత్రం పేలి భగ్గున వెలిగిందట! ఎడమ చేయి కొసనే. మన ఫోటోలో పడిందేమో చూడ్డానికి ప్రొఫెసరుగారు వస్తున్నారు. మనం ఆయనకు తిరిగి పంపిన గాజు నెగెటివ్ దారిలో పగిలిందట. ఇక ఈ ప్రింటే దిక్కు."

ఆమె టీ కప్పు పక్కన పెట్టేసింది. కోట్ల ఏళ్లు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు. గుమ్మం దాకా వచ్చాక మొహాన తలుపేసింది తను! ఉద్యోగం సంగతి సరే, ఆయన చూసి "లేదు" అని రాసేస్తే?

తడి దూదితో మెల్లగా అద్దింది. సిరా కదల్లేదు. గట్టిగా రుద్దితే ప్రింటు పొరే లేచిపోతుంది. ఇంకోసారి అద్దింది. సిరా కరిగి గెలాక్సీ చేయంతా పాకింది. బయట కారు ఆగిన చప్పుడు.

"ఏంటమ్మా ఆ చెమట?" అన్నాడు యజమాని.

"ఫ్యాను తిరగట్లేదండి."

నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

ప్రొఫెసరు లోపలికొచ్చేసరికి పాకిన సిరానంతా పీల్చుకుని దూది నల్లబడింది, చుక్క తెల్లబడింది. ఆయన భూతద్దం పెట్టి వంగాడు. దుమ్మయితే అంచు గరుకుగా ఉంటుంది, నక్షత్రమైతే గుండ్రంగా, మెత్తగా. ఆయన వంగినవాడు ఎంతకీ లేవడే!

"ఉంది!" అని కేకేశాడు. తర్వాత వేళ్లు చూసుకుని, "ఇదేంటి, తడిగా ఉంది?"

"మీరొస్తున్నారని కడిగానండి."

ఈ కథ ఎత్తితే చాలు, ఆమె ఇప్పటికీ కసురుకుంటుంది. "ఆపు అన్నయ్యా నీ కోతలు! ఆ స్టూడియోలో నేను గుమ్మం దగ్గర కూర్చుని జనాన్ని లోపలికి పిలిచేదాన్ని. కుంచె ఎప్పుడు పట్టాను?"