ఎనిమిదేళ్ల చేమ

రేడియోలో వాన అంటే తెబోరాకి సంతోషం, అలలు అంటే ఒళ్లుమంట. ఆ జనవరి సోమవారం పొద్దున రెండూ కలిపి చెప్పారు. బుధవారం నుంచి గిల్బర్ట్ దీవుల వరస పొడవునా భారీ వర్షాలట, గురువారం మధ్యాహ్నం పోటు వేళకి ఎత్తైన అలలట, తీరానికి దగ్గరగా ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలట.

"దగ్గరికొచ్చింది మేమా, అదా?" అని తెబోరా రేడియో కట్టేసింది.

న్యాయమైన ప్రశ్నే. వాళ్ల తాత చేమగొయ్యి తవ్విన రోజుల్లో అక్కణ్ణుంచి సముద్రం కనిపించేది కాదు. ఇప్పుడు అరవై అడుగులేస్తే కాళ్లు తడుస్తాయి. గొయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. మనిషి లోతు తవ్వితే ఊరిన మంచినీళ్లు, అందులో నెత్తి మీదికి గొడుగుల్లా ఆకులు పరుచుకున్న చేమ మొక్కలు. వాటి మధ్యలో ఒకటి, వేరు దగ్గర్నుంచి ఆకు కొస దాకా తెబోరా సొంత బిడ్డలా చూసుకున్నది. ఎనిమిదేళ్లది.

అది నాటింది ఆమె అన్న పోయిన ఏడు. అన్నతో ఆమె పుట్టింటి వంశంలో మగవాళ్లు అయిపోయారు. ఊరి సభ కూడే మనేబాలో, ఆ పెద్ద కప్పు కింద, ప్రతి వంశానికీ కూర్చునే చోటు ఒకటుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్లే వంశం తరఫున మాట్లాడతారు. నాన్న చోటులో నేను కూర్చుంటానని తెబోరా అడిగితే పెద్దలు కాదనలేదు, "చూద్దాంలే" అన్నారు. చూస్తూ చూస్తూ ఎనిమిదేళ్లు గడిపారు. ఈలోగా పక్క వంశం పెద్ద తెతాబో చాప జానెడు జానెడుగా ఆ ఖాళీలోకి పాకింది. మనేబాకి కొత్త కప్పు వేస్తున్నారు. తెరిచే రోజున ప్రతి వంశమూ తన గోతిలోంచి తీసిన చేమ తెచ్చి ముందు పెట్టాలి. ఎనిమిదేళ్ల చేమ పెట్టిన మనిషిని వెనక్కి పోయి కూర్చోమనడానికి ఎవరికీ నోరు రాదు. తెబోరా పట్టుకున్న ధైర్యం అదొక్కటే. ఆ రోజుకి ఇంకా మూడు వారాలుంది.

మంగళవారం కౌన్సిల్ గుమస్తా కైటు సైకిలు మీద వచ్చాడు. "అత్తా, ఇప్పుడే పీకెయ్. ఉప్పునీళ్లు తగిలితే కుళ్లిపోద్ది."

"పీకితే ఎన్నాళ్లు ఆగుద్ది?"

"వారం ఆగుద్దేమో."

"మనేబా తెరిచేదెప్పుడు?"

"మూడు వారాలకి."

"బళ్లో చదివినోడివి కదా, నువ్వే చెప్పు మరి."

కైటు సైకిలు తిప్పుకున్నాడు. తెబోరా కూతురు రుటాని వెంటబెట్టుకెళ్లి గోతి చుట్టూ కట్ట వెయ్యడం మొదలెట్టింది. కొబ్బరి మొద్దులు, పగడపు రాళ్లు, ఇసక నింపిన బియ్యం సంచులు. రెండు రోజులకి ఇద్దరి చేతులూ బొబ్బలెక్కాయి.

"బౌరో బాబాయిని పిలుద్దామే అమ్మా. వాళ్లింటినిండా మనుషులే," అంది రుటా.

"పరాయోళ్లు నా గోతిలోకి తొంగిచూడ్డమా? నేను బతికుండగానే?"

ఇందులో తెబోరాని తప్పుపట్టడానికేం లేదు, ఆ దీవిలో అందరూ అంతే. చేమకి ఎరువుగా ఏ ఆకులు వెయ్యాలి, ఏ వరసలో, ఎప్పుడు అనేది ఏ ఇంటి గుట్టు ఆ ఇంటిది. తండ్రో తల్లో పిల్లల్లో ఒక్కరికే చెవిలో చెబుతారు. ఒకరి గోతిలోకి ఇంకొకరు చూస్తే దొంగతనం కింద లెక్క. తెబోరాకి పదేళ్లప్పుడు నాన్న చెప్పాడు. అన్నకి కూడా చెప్పలేదు, ఆమెకే చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం సముద్రం రేడియో మాట నిలబెట్టింది. మొదటి అల కట్టని తాకి వెనక్కిపోయింది. రెండోది సంచుల్ని కదిపింది. మూడోది ఏ మర్యాదా లేకుండా కట్ట మీంచి నేరుగా గోతిలోకి దూకింది. తెబోరా కూడా దూకింది. మోకాలి లోతు. అరచేత్తో నీళ్లు తీసి నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది. ఉప్పు. "తోడవే!" అని అరిచింది. ఇద్దరూ బక్కెట్లతో తోడుతూనే ఉన్నారు, నీళ్లు తొడల దాకా వచ్చాయి.

అప్పుడొచ్చాడు బౌరో. ఆమె చనిపోయిన మొగుడికి వరసకి తమ్ముడు. వెనక బక్కెట్లూ డబ్బాలూ పట్టుకుని పదిమంది. పది అడుగుల దూరంలో అందరూ టక్కున ఆగిపోయారు.

"వదినా, వచ్చాం! కళ్లు మూసుకోమంటావా?"

"తోడ్డానికొచ్చారా, నా గుట్టు చూడ్డానికొచ్చారా?"

"పద్ధతి తెలిసినోళ్లమే తల్లీ, తిట్టకు."

పదకొండు మందీ వెనక్కి తిరిగారు. అలాగే వెనక్కి నడుచుకుంటూ వచ్చి గోతి అంచున వీపులు పెట్టి నిలబడ్డారు. చేతులు వెనక్కి చాపి బక్కెట్లు అందుకోవడం, తడుముకుంటూ పక్కవాడికి ఇవ్వడం. సగం నీళ్లు వాళ్ల పిర్రల మీదే పోతున్నాయి, మిగతా సగం మళ్లీ గోతిలోకి. ఒకాయన డబ్బాతో సహా వెల్లకిలా పడ్డాడు, పడ్డా కూడా కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాడు. ఇంకో అల వచ్చింది. చేమ మొదలు చుట్టూ ఎరువాకులు నిలవడానికి తెబోరా అల్లిన కొబ్బరాకు బుట్ట పైకి తేలబోయింది.

తెబోరా ఆ బుట్టని రెండు చేతులా అదిమిపట్టుకుని ఆ వీపుల వరస చూసింది. ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేక కోపం తెచ్చుకుంది.

"తిరగండి! ఇటు తిరగండి!"

ఎవరూ కదల్లేదు.

"తర్వాత మమ్మల్ని అనకూడదు వదినా," అన్నాడు బౌరో అటే చూస్తూ.

"అంటాను! చచ్చేదాకా అంటాను! ముందు తిరుగు!"

తిరిగారు. ఇక బక్కెట్లు చేతులు మారుతుంటే చూడాలి. బౌరో గోతిలోకి దిగి బుట్ట పట్టుకోబోయి ఆగిపోయాడు. వంగి చూశాడు. ఆకుల పొరలు, ఒకదాని మీద ఒకటి, నాలుగు.

"ఇదేనా?"

"ఏం, తక్కువైందా?"

"ఈ నాలుగాకులే. ఈ వరసలోనే. అమావాస్యకోసారి. అంతేనా?"

"నీకెవడ్రా చెప్పింది?"

"మా నాన్న. చెవిలో."

గట్టు మీంచి ఒకావిడ, "మా అమ్మ కూడా ఇదే చెప్పింది," అంది. ఇంకొకాయన గొంతు సవరించుకున్నాడు. వరసలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఆ తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు, ఇక ఆగలేదు.

తెబోరాకి సముద్రం మీద కూడా అంత కోపం రాలేదు. "ముప్పై ఏళ్లు! మీ గొయ్యి కంటపడకూడదని బావికి చుట్టు తిరిగి పోయాన్రా ముప్పై ఏళ్లు!"

"మేం తిరగలేదా? మీ గొయ్యి వెనకే కదా చేపలకి దగ్గర దారి!"

నవ్వుకుంటూ, తిట్టుకుంటూ తోడారు. పోటు తగ్గేవేళకి, రేడియో చెప్పినదానికి ఒకరోజు ఆలస్యంగా, వాన అందుకుంది, ఆకాశం చిల్లు పడ్డట్టు. ఉప్పునీళ్లు వాళ్లు తోడుతుంటే మంచినీళ్లు పైనుంచి పడుతున్నాయి. చీకటి పడబోయే ముందు తెబోరా మళ్లీ రుచి చూసింది. ఉప్పు పూర్తిగా పోలేదు. ఈసారి మింగింది మాత్రం.

వారానికి అంచు మొక్కలు పసుపెక్కాయి. మధ్యలోదానికి కూడా ఒక ఆకు వాలింది. కైటు మళ్లీ వచ్చి, ఉన్నంతవరకైనా పీక్కోమన్నాడు. పీకనంది. ఆకు వాలిన కొద్దీ ఆమెకి భయం పెరిగింది, రాత్రిళ్లు అన్నం సహించలేదు, అయినా పీకలేదు.

మనేబా తెరిచే రోజు పొద్దున పీకింది. దుంపని ఇద్దరు కర్రకి కట్టి మొయ్యాల్సి వచ్చింది. ఒక పక్క మెత్తబడి నల్లగా అయిపోయింది. తెబోరా కత్తి తీసి ఆ భాగమంతా, దాదాపు మూడోవంతు, కోసి పారేసింది. మనేబాలో అందరి దుంపల మధ్య తనది దించినప్పుడు, కోసిన పక్క కిందికి పెట్టబోయింది రుటా. తెబోరా దాన్ని తిప్పి, కోత పైకి కనిపించేలా పెట్టింది.

తెతాబో మెడ చాచి చూశాడు. "ఇదేంటమ్మా, ముక్క తెచ్చావు?"

"తక్కింది సముద్రం తినేసింది. దాని నోట్లోంచి ఇంత లాక్కొచ్చాను. ఇప్పుడు మీ చాప తియ్యండి, అది మా నాన్న చోటు."

బౌరో నవ్వలేదు. తెతాబో దుంప వైపు చూశాడు, ఆమె బొబ్బలు మానని చేతుల వైపు చూశాడు.

"చోటు మీదే, ఎవరు కాదన్నారు? కానీ మీ వంశం తరఫున మాట్లాడేదెవరు?"

"మాట్లాడుతున్నాగా," అంది తెబోరా.

తెతాబో లేచి తన చాప తానే చుట్టుకుని పక్కకి జరిగాడు.