భీముడి ముద్ద

1962 ఎండాకాలం. నేను వాకాడు ప్రాంతంలో పశువైద్యుణ్ణి. ఆసుపత్రి అంటే ఒక పెంకుటిల్లు, దాని ముందు ఎద్దుల్ని కట్టి చూసే కొయ్య చట్రం. కుక్కకు వైద్యమంటే ఆ రోజుల్లో నవ్వేవారు. అందుకే సుబ్బరామిరెడ్డిగారు తన ముసలి కుక్కను ఎడ్లబండిలో వేసుకుని దిగేసరికి వాకిట్లో జనం పోగయ్యారు.

పేరు భీముడు. పేరుకు తగ్గట్టే ఉన్నాడు, ఎంత తడిమినా పక్కటెముక చేతికి తగల్లేదు. మూత్రం చుక్కలు చుక్కలుగా, నెత్తుటి జీరతో పోతోంది. పడుకున్నచోటే తడిపేస్తున్నాడు.

"వసారా అంతా కంపు కొడతాండాదని మా యమ్మ గోల సార్. నాట్లయ్యేదాకా చూసి, తగ్గకపోతే సముద్రం కాడ పల్లెలో వదిలేసి రమ్మనింది. నాకు చేతులు రావు," అన్నారు రెడ్డిగారు. ఆరడుగుల మనిషి, పైపంచెతో కళ్లు తుడుచుకున్నారు.

క్యాథెటర్, అంటే మూత్రమార్గంలోకి పంపే సన్నని గొట్టం, పెట్టి చూశాను. రాయి తగల్లేదు. సిస్టైటిస్ అనుకున్నాను, మూత్రాశయం వాపు. సల్ఫా మాత్రలకు అది లొంగుతుంది, అవి ఇచ్చాను. అసలు చిక్కు బరువు. లేవలేని కుక్క ఆపగలిగినంతసేపు మూత్రం బిగబట్టుకుంటుంది, జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. తడుపుతున్నాడని ఇంట్లోవాళ్లు నీళ్లు కూడా తగ్గించేశారట! నీళ్లు ఎప్పుడూ దగ్గరుంచాలని, తిండి సగానికి తగ్గించాలని, రోజూ నడిపించాలని చెప్పి, రైస్‌మిల్లు కాటా మీద తూకం వేయించి పంపాను.

నెత్తురు ఆగింది. నెల తిరిగాక మళ్లీ కాటా ఎక్కిస్తే బరువు ఇంకాస్త పెరిగింది. మిల్లు హమాలీలు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"సగమే పెడతాండాం సార్, మా యమ్మ తోడు!" అన్నారు రెడ్డిగారు.

ఇక లాభం లేదని భోజనాల వేళకు నేనే వాళ్లింటికి వెళ్లి వసారాలో కూర్చున్నాను. అన్నదమ్ములు, కోడళ్లు, పిల్లలు, అందరిదీ ఒకటే పొయ్యి. తిన్నవాళ్లు ఒక్కొక్కరే చేయి కడుక్కునే ముందు చివరి ముద్ద తెచ్చి భీముడి ముందు పెట్టి పోతున్నారు. కుక్కకు ముద్ద తీయకుండా లేవకూడదన్నది ఆ ఇంటి ఆచారం. ఎవరికి వాళ్లు పెట్టేది ఒక్క ముద్దే, భీముడికి మాత్రం రోజూ పెళ్లిభోజనం! అందరికన్నా చివర, గడ్డపెరుగు కలిపిన పెద్ద ముద్దతో రెడ్డిగారి తల్లే వచ్చారు. నన్ను చూసి తడబడ్డారు.

"వదిలేసి రమ్మన్నది మీరే కదమ్మా?"

"ఇంట్లో ఉన్నన్నాళ్లు కడుపు మాడ్చమంటావా నాయనా? పాపం తగలదా?"

ఆచారం మానమంటే ఆ ఇంట్లో నా మాట చెల్లదు. "ముద్ద మానొద్దు. అందరూ తలా నాలుగు మెతుకులు ఒక గిన్నెలో వేయండి. ఆ గిన్నెలో పట్టిందే వాడి తిండి. గిన్నె మాత్రం మీ చేతిలోనే ఉండాలి పెద్దమ్మగారూ," అన్నాను. పెత్తనం చేతికి రావడంతో పెద్దమ్మగారు మారిపోయారు. ఎవరైనా కాస్త ఎక్కువ వేయబోతే, "చాల్లే, వాడి పానం తీస్తావా!" అని కసిరేవారు.

నాట్లు పడేనాటికి భీముడికి నడుమంటూ ఒకటి కనిపించింది. ఒక పొద్దున రమ్మని కబురొస్తే వెళ్లాను. భీముడు తనంతట తనే లేచి, మెట్లు దిగి, గడ్డివామి దాకా నడిచి కాలెత్తాడు. ధార ఆగకుండా పోతుంటే ఇంటిల్లిపాదీ నిలబడి చూశాం.

"మరి వీణ్ణి పల్లెకు..." అని రెడ్డిగారు నసిగారు.

"యాడికిరా పంపేది? ఆడ వీడి గిన్నె ఎవురు చూస్తారు?" అని తల్లి మండిపడ్డారు.

తర్వాత పెద్ద పెద్ద ఆపరేషన్లే చేశాను. ఆ పొద్దున పడ్డంత గర్వం మళ్లీ పడలేదు, దాచుకోవడమెందుకు! ప్రేమతో పెట్టే చేతిని ఏ డాక్టరూ ఆపలేడు. కాపలా కూడా ఆ చేతికే అప్పగించాలని నేను నేర్చుకున్నది ఆ వసారాలోనే.