కట్టెతో గీసిన బాల్కనీ

మా బాల్కనీల నిలబడితె గంగారం తాత యాదికొస్తడు. మక్కచేన్లకు అడవిపందులు రాకుండ వేటకుక్కలను సాకేటోడు. కుక్కపిల్ల కావాలని ఎవలొచ్చినా ‘మీ ఇంట్ల దీనికి జాగెంత?’ అని అడిగేటోడు.

నేను గూడ ఓ పిల్ల కోసం పోయిన. జనగామల మాది రెండో అంతస్తు. ‘పెద్ద బాల్కనీ ఉంది తాతా, పదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు’ అని గొప్పగ చెప్పిన.

తాత కట్టె తీసి, వాకిట్ల అంతే జాగకు గీత గీసిండు. ‘గిండ్ల కూసో బిడ్డా. చేను చుట్టు తిరిగొస్త’ అని కుక్కలను తీస్కొని పోయిండు.

నవ్వుకుంట కూసున్న. జరసేపు ఫోన్ చూసిన, కాళ్లు చాపిన, లేసి అండ్లనే తిరిగిన. ఇగ నాతోని కాలె. ఆయనొచ్చేసరికి చెట్టు కింద ఉన్న.

తాత నా మొఖం చూడలె. చెరిగిన గీతను చూసిండు.

‘పిల్ల గూడ గిట్లనే దాటుతది బిడ్డా. అప్పుడు నువ్వు దాన్ని కొడతవ్.’