మామిడిపండుకు రంగు పట్టిన రోజు

ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ ఊళ్లో ఆడవాళ్లలో సగం మంది జుట్టుకు రంగు వేసిన నోలీన్ ట్రెగెన్జా, యాభై దాటాక సెలూన్ అమ్మేసి మా ప్రయోగశాలలో విద్యార్థినిగా చేరింది. వెంట్రుకను రంగు ఎందుకు పట్టుకుంటుందో తెలుసుకుందామని వచ్చిన మనిషి, తీరా డీఎన్ఏను పట్టుకునే రంగు మీద మనసు పారేసుకుంది. విడిగా ఉంటే ఆ రంగు మసకగా ఉంటుంది. డీఎన్ఏ జంట పేటల్లోకి దూరిందంటే నీలి దీపం కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. అది చూసినప్పుడల్లా నోలీన్ పక్కనున్న నా భుజం చరిచేది.

సందర్శకుల రోజున తన పాత ఖాతాదార్లను పిలిచింది. ఎనభై దాటిన బెరిల్ ముందు వరసలో కూర్చుంది. నోలీన్ మామిడిపండు పిసికి, ఉప్పునీళ్లూ సబ్బూ కలిపి, వడగట్టి గాజు గొట్టంలో పోసి, రంగు చుక్క వేసి, గది దీపాలార్పి నీలి దీపం పట్టింది. గొట్టం వెలగలేదు.

"ఇన్నేళ్లు నా నెత్తికి రంగేశావు, ఒక్కసారైనా పట్టకుండా పోయిందా? ఈ పండు నాకంటే మొండిదేంటే?" అంది బెరిల్.

గది ఘొల్లుమంది. నోలీన్ కూడా నవ్వింది గానీ చెవులు ఎర్రబడ్డాయి. మా గురువు ఆంగస్ సాయానికి లేవబోతే కూర్చోమని చెయ్యి ఊపింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఉప్పు ధారాళంగా పోశానని. రంగూ డీఎన్ఏ ఒకదాన్నొకటి లాక్కునేవే, కానీ అంత ఉప్పు నడుమ చేరితే ఆ లాగుడు సడలిపోతుంది.

చల్లటి స్పిరిట్ పోసింది. ఉప్పు అడుగు నీళ్లలోనే ఉండిపోయి, డీఎన్ఏ ఒక్కటే తెల్లటి పోగులుగా తేలింది. ఆ పోగుల్ని పుల్లకు చుట్టి తీసి, మంచినీళ్లలో కరిగించి, మళ్లీ రంగు వేసింది. గొట్టం మిణుగురులా వెలిగింది.

"ఇప్పుడు ఆర్పు చూద్దాం" అంది బెరిల్.

నోలీన్ గొట్టాన్ని కెటిల్‌లో సలసల కాగిన నీళ్లలో ముంచింది. వేడికి పేటలు విడిపోయాయి, రంగు పట్టు తప్పింది, వెలుగు పోయింది. చల్లార్చేసరికి పేటలు జతకట్టి వెలుగు తిరిగొచ్చింది.

"మళ్లీ."

ఆర్పడం, వెలిగించడం. ముసలమ్మలు చప్పట్లు కొడుతూ లెక్క తప్పారు. గది ఖాళీ చేయమని చెప్పడానికి లేచిన ఆంగస్, ఆ మాట మరచి ఇంకో కెటిల్ నీళ్లు కాచి తెచ్చాడు.

సాయంత్రం సముద్రం ఒడ్డున చేపల వేపుడు తింటూ, నోలీన్ ఎదురైన ప్రతివాళ్లనూ ఆపి ఇదే చెప్పింది. కుక్కను తిప్పుతున్న పెద్దాయన ఒకాయన ఓపిగ్గా అంతా విని, తన కుక్కలో కూడా ఆ పేటలు ఉంటాయా అని అడిగాడు.

"ఎందుకుండవండీ, బోలెడన్ని" అంటూ నోలీన్ వంగి కుక్కను ముద్దుపెట్టుకుంది.