నన్ను మేధావిని చేసిన తెల్లమాత్ర

ఆ రోజుల్లో మా వైపు చదువు లేని డాక్టరుకున్న గిరాకీ చదువుకున్న డాక్టరుకు ఉండేది కాదు. ఇప్పుడేదో మారిందని కాదు, నేనొక్కణ్ణి మారాను. హోసూరులో విడిభాగాల కంపెనీలో కొత్తగా చేరాను, కొత్తగా పెళ్లయింది, రోజంతా మిషను ముందు నిలబడి మోకాళ్లు పట్టేశాయి. మా మేనమామ (ఆయనకు తెలియని వైద్యం లేదు, నయం చేసిన రోగం లేదు) రాయకోటలో ఒక మహానుభావుడి దగ్గరికి లాక్కుపోయాడు. ఆయన ఏ పేరూ లేని తెల్లమాత్రలు పొట్లం కట్టి ఇచ్చాడు. కొన్నాళ్లకే నొప్పి పోయింది. దాని వెనకే నిద్రా పోయింది.

ఇక మాట్లాడటం మొదలుపెట్టాను. బాగలూరు తోటల్లో పూసే రోజాలన్నీ నేనే విమానాలకెక్కించి విదేశాలకు పంపుతానన్నాను. మేనేజరుకు మిషను నడపడం నేర్పాను. ఈ బోడి ఉద్యోగానికి రాజీనామా ఇస్తానన్నాను. అంతవరకూ అడిగినా మంచినీళ్లివ్వని బంధువులు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, నోళ్లు తెరుచుకుని విన్నారు. "మా అల్లుడు మామూలోడు కాదప్పా, తలకాయంటే అదీ!" అని మా మేనమామ ఊరంతా చాటాడు. మతి తప్పినవాడు గట్టిగా మాట్లాడితే చాలు, మావాళ్లు దాన్ని తెలివనుకుంటారు. భయపడింది మా ఆవిడ ఒక్కతే. ఆ ఉద్యోగం పోతే మాకు వేరే ఆధారం లేదు. రాజీనామా ఇస్తానన్న రోజు పొద్దున్నే (కృష్ణగిరిలో పూలు ఎగుమతి చేసే పెద్దమనిషి ఉన్నాడని అబద్ధమాడి) నన్ను తీసుకెళ్లి మానసిక వైద్యుడి ముందు కూర్చోబెట్టింది.

"సార్, ఈయప్ప కండ్లు మూసేదే లేదు. ఈ మాత్రలు మింగినప్పటి నుంచీ ఇట్లే ఉండాడు" అంటూ పొట్లం ఆయన ముందు పెట్టింది.

ఆయన నా విమానాల కథంతా ఓపికగా విని, ఆమెతో అన్నాడు: "ఇది స్టెరాయిడ్ మాదిరి ఉందమ్మా. ఒత్తిడి వస్తే మన ఒంట్లోనే ఊరే హార్మోను ఒకటుంది, ఇది దాని జాతిదే. ఎక్కువైతే కొందరికి మనసు ఇట్లా అదుపు తప్పుతాది. టక్కున నిలిపితే ఇంకా ప్రమాదం. మెల్లగా తగ్గించాల. మనసు కుదురుకునే దానికి వేరే మాత్ర రాసిస్తాను."

మాత్ర తగ్గేకొద్దీ నా విమానాలు ఒక్కొక్కటే దిగిపోయాయి. ఉద్యోగం నిలిచింది. మామ మాత్రం "బంగారట్లా పిల్లోణ్ణి కిష్ణగిరి డాక్టరు చెడగొట్టినాడు" అని మా ఇంటికి రావడమే మానేశాడు. ఒక సాయంత్రం మా ఆవిడ "రేపు వాన వస్తాదా?" అని అడిగింది. "నాకేం తెలుసు?" అన్నాను. అంతే, నన్ను పట్టుకుని ఏడ్చేసింది. ఎన్నాళ్లకో దొరికిన మనిషిని వదలనట్టు పట్టుకుంది. ఆ మేధావిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నిజం చెప్పాలంటే, అంత ధైర్యంగా నేను మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.