మామ పేరు మీద ఎర్ర కారు

నిజామాబాద్ జిల్లాలో స్పోర్ట్స్ కారుకు అందరికన్నా అగ్గువగా, అంటే చవగ్గా, ఇన్సూరెన్స్ చేయించినవాణ్ణి నేనే. ఆ రికార్డును ఇంతవరకు ఎవరూ కొట్టలేదు. అయితే ఇప్పుడు నా దగ్గర కారు లేదు. దొంగలు ఎత్తుకుపోలేదు, లారీ గుద్దలేదు, నిప్పంటుకోలేదు. కేవలం నా తెలివి తగిలి పోయింది. ఎలా పోయిందో దాచకుండా చెబుతాను. మీరు నవ్వుకుంటే నేను అడ్డం రాను.

నాకు నిజామాబాద్‌లో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. పుట్టినరోజు చేసుకునేవాళ్లను, ఎన్నికల్లో గెలిచినవాళ్లను, ఓడిపోయి కూడా గెలిచినట్టు నవ్వేవాళ్లను ఎర్ర కార్ల పక్కన అతికించి బొమ్మలు చేసిస్తుంటాను. ఏళ్ల తరబడి పరాయివాళ్లను కార్ల పక్కన అతికించీ అతికించీ, చివరికి నా పక్కన కూడా ఒకటి ఉండాలనిపించింది. కూడబెట్టిందంతా ఊడ్చుకుని హైదరాబాద్ పోయి, ఎవరో షోకు తీరాక వదిలించుకుంటున్న ఎర్ర స్పోర్ట్స్ కారు మాట్లాడుకున్నాను. దానికి రెండే సీట్లు. ఎత్తు ఎంత తక్కువంటే, స్పీడ్ బ్రేకర్ కనబడితే ముందు దానికి దండం పెట్టుకోవాలి. పైన రేకు ఉండదు, నల్లటి గుడ్డ కప్పు ఉంటుంది. మీట నొక్కితే ఆ కప్పు గొడుగులా మడుచుకుని వెనక్కి పోతుంది. కొన్నది ఆ కప్పును చూసే. పోగొట్టుకున్నది కూడా ఆ కప్పు వల్లే.

"కాగితాలు నీ పేరు మీదికి మార్చేలోపు ఇన్సూరెన్స్ చూసుకో తమ్మీ, పాతది అయిపోవస్తున్నది" అన్నాడు అమ్మినాయన. అదెంత పని అనుకుని ఒక కంపెనీకి ఫోన్ చేశాను.

"ఏ కారు సార్?" అంది అవతలి గొంతు.

గర్వంగా చెప్పాను.

"రోజూ తిరుగుతారా సార్?"

"తిరగకపోతే ఎందుకు కొన్నట్టు?"

ఆ తర్వాత ఆయన చెప్పిన అంకెను రాసుకున్నాను. రాసుకున్నాక, అది ప్రీమియమా లేక ఆయన ఫోన్ నంబరా అని అడగాల్సి వచ్చింది. ఇంకో కంపెనీకి చేశాను. వాళ్లు మొదటి కంపెనీ వాళ్లను దేవుళ్లను చేశారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడాడని మనవాళ్లు నవ్వుతారు. కానీ అంకుశానికి కూడా ఏనుగంత ధర చెబితే ఏ మనిషైనా బేరమాడతాడు.

అప్పుడు దిగాడు డేవిడ్. వాడు నాతో బడిలో చదువుకున్న దోస్తు. బోధన్, వర్ని వైపు ట్రాక్టర్లకు ఇన్సూరెన్స్ చేయించే ఏజెంటు. ఆదివారం చర్చి అయ్యాక నా దుకాణానికి వచ్చి చాయ్ తాగడం వాడికి అలవాటు. నా గోడు మొత్తం విని, గ్లాసు కింద పెట్టాడు.

"అరేయ్, నీకు నో క్లెయిమ్ బోనస్ ఉన్నదా?"

"నాకు బైక్ ఉన్నది. దానికి హారన్ సుత లేదు."

డేవిడ్ ఓపికగా చెప్పాడు. ఏడాదంతా కంపెనీని డబ్బు అడగకపోతే మరుసటి ఏడు ప్రీమియంలో కొంత తగ్గిస్తారట. అడగకుండా ఏళ్లు గడిచేకొద్దీ ఆ తగ్గింపు పెరిగి పెరిగి సగం దాకా పోతుందట. అసలు సంగతి ఏమిటంటే, ఆ తగ్గింపు కారుది కాదు, మనిషిది. పాత కారు అమ్మేసి కొత్త కారు కొనుక్కున్నా మనిషి వెంటే వస్తుంది.

"గంత ఓపికున్న మనిషి మీ ఇంట్ల ఎవలన్న ఉన్నరా?" అని అడిగాడు.

ఉన్నాడు. మా అమ్మ తమ్ముడు నర్సయ్య మామ. బోధన్ దాటాక సాలూర దారిలో వాళ్ల ఊరు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూకం దగ్గర పనిచేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఉన్న పొలం చూసుకుంటున్నాడు. ఆయనకు ఒక తెల్లటి చిన్న కారు ఉండేది. పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయడు. తీసినా చెరుకు బండి ఎద్దులు వెనక నుంచి హారన్ కొట్టేంత నెమ్మదిగా నడుపుతాడు. ఆయన కారు దేనికీ తగల్లేదు, ఏదీ దానికి తగల్లేదు. అయినా ఏటా గడువు ముగియకముందే పోయి ఇన్సూరెన్స్ కట్టి వస్తాడు.

ఆ సాయంత్రమే పోయి మామ ముందు కూర్చున్నాను.

"మామా, నీ పాత కారు అమ్మేద్దం. నా కారు నీ పేరు మీద ఎక్కిద్దం. నీ బోనస్ దానికొస్తది. పైసలు నావే, నడిపేది నేనే."

మామ చాలాసేపు లెక్క చూసుకున్నాడు. "అంటే బండి నీది, పేరు నాది, బోనస్ నాది."

"గంతే మామా."

"ఫ్యాక్టరీ బందైనంక నాకు ఏటేటా బోనస్ ఇస్తున్నది గీ కంపెనీ ఒక్కటే అల్లుడా. దానికి మచ్చ రావద్దు."

"రాదు మామా" అన్నాను. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే నా నాలుకను పట్టుకుని రెండు తగిలించాలనిపిస్తుంది.

"మరి నా బండి అమ్మితే నేనెట్ల తిరగాలె?"

"ఐతారం ఐతారం గీ బండి నీ ఇంటి ముంగట పెడుత. ఎక్కడికంటె అక్కడికి తిప్పుత."

గుమ్మంలో నిలబడ్డ సాయవ్వ అత్త అడిగింది. "రెండే సీట్లంటున్నవు గదా, మరి నేనేడ కూసోవాలె?"

మేమిద్దరం విననట్టే ఉన్నాం. ఆడమనిషి అడిగిన సూటి ప్రశ్నకు జవాబు చెప్పకపోతే ఏమవుతుందో అప్పటికి నాకు తెలియదు.

పాత కారు అమ్ముడుపోయింది, ఎర్ర కారు మామ పేరు మీదికి ఎక్కింది, ప్రీమియం సగానికి సగం పడిపోయింది. నేను నెల రోజులు నేల మీద నడవలేదు. దుకాణానికి వచ్చిన ప్రతి గిరాకీకి ఈ కథ చెప్పి, వాళ్ల తెలివితక్కువతనానికి జాలిపడి పంపేవాణ్ణి. ఆదివారాలు మామను ఎక్కించుకుని కందకుర్తి సంగమానికి, మోస్రాలో చుట్టాల ఇంటికి తిప్పేవాణ్ణి. ఎక్కడం సులువే, మామ వెనక్కి తిరిగి కూలబడితే సీట్లో పడేవాడు. దిగడమే కష్టం. నేనొక చెయ్యి, దారిన పోయేవాడొక చెయ్యి పట్టి, బావిలోంచి చేదినట్టు చేదేవాళ్లం. నిలబడ్డాక మామ ధోవతి సర్దుకుని, తన పేరు మీదున్న బండిని ఒకసారి తృప్తిగా చూసుకునేవాడు. అత్త మాత్రం ఆ కారు వైపు చూసేదే కాదు.

ఆమెకు మేకలున్నాయి. ఒక ఆదివారం కారును వాకిట్లో వేపచెట్టు నీడకు పెట్టి భోజనానికి కూర్చున్నాను. మేకకు ఆకు అందాలంటే ఎత్తు కావాలి. మామ పాత కారు ఎక్కడం ఏ మేకకూ చేతకాలేదు. నాది మాత్రం వాటి కోసమే మెట్లు కట్టినట్టుంది. మొదట బానెట్, ఆ పైన అద్దం, ఆ పైన మెత్తటి గుడ్డ కప్పు. నేను తల ఎత్తేసరికి అత్త మేకల్లో పెద్దది కప్పు నడిమధ్యన నిలబడి వేపాకు నములుతోంది. అత్త ఎక్కలేని కారును అత్త మేక ఎక్కింది.

ఎవరైనా అయితే నెమ్మదిగా పోయి ఆకు చూపించి దించేవారు. నేను ముద్ద చేతిలో పట్టుకుని "హేయ్!" అని ఊరు దద్దరిల్లేలా అరిచాను. మేక బెదిరి పైకి ఎగిరింది. ఎగిరిన మేక కిందికి రావాలి కదా, వచ్చింది. కప్పు చీల్చుకుని నేరుగా డ్రైవర్ సీట్లోకే వచ్చింది.

లోపల తిరగడానికి జాగా లేక ముందుకాళ్లు స్టీరింగ్ మీద మోపింది. హారన్ మొదలైంది. ఆపడానికి దానికి రాదు. ఊరంతా వాకిట్లోకి వచ్చింది.

"కొత్త డ్రైవరా నర్సన్నా?" అని ఎవరో అడిగారు.

"మంచిగ కూసున్నది, బెల్టు ఒక్కటి పెట్టుకోలే" అన్నారు ఇంకెవరో.

నేను ఎంగిలి చేత్తో తాళంచెవి వెతుక్కుంటుంటే మామ నా జేబులోంచి తీసుకుని తలుపు తెరిచి, "దిగు" అన్నాడు. మామను దించడానికి ఎప్పుడూ ఇద్దరం కావాలి. మేక ఒక్కతే హుందాగా దిగి పోయింది. కప్పు రెండుగా చీలిపోయింది, సీటు తోలు గీరుకుపోయింది. లోపల మిగిలిన గుర్తుల గురించి భోజనం చేసి చదువుతున్నవాళ్లకు చెప్పను.

నాకు ఏడుపు వచ్చింది కానీ భయం వేయలేదు. ఇన్సూరెన్స్ ఉన్నవాడి ధీమా అది. వెంటనే డేవిడ్‌కు ఫోన్ చేశాను.

"పరేషాన్ కాకురా, పూర్తి పాలసీ ఉన్నది. ఓనర్ సంతకం పెట్టించుకరా, తతిమ్మది నేను సూసుకుంట" అన్నాడు.

ఓనర్ అక్కడే పీట మీద కూర్చుని, సగంలో వదిలిన అన్నం తింటున్నాడు.

"మామా, ఒక్క సంతకం కావాలె. క్లెయిమ్ చేస్తానికి."

మామ ముద్ద కింద పెట్టాడు. "క్లెయిమ్ చేస్తే నా బోనస్ ఏమైతది?"

"పోతది."

"ఎంత పోతది?"

అబద్ధం ఆడదామనుకున్నాను కానీ ఆయన కళ్లు చూసి నోరు రాలేదు. "మొత్తం."

"మొత్తం పోయేదానికి ఎవలన్న సంతకం పెడుతరా?"

"కప్పు కొత్తది ఏయించాలంటే శాన పైసలైతయ్ మామా. నా దగ్గర చిల్లిగవ్వ లేదు."

"కారు ఎవలది?"

"నాదే గదా."

"కాగితం మీద?"

"నీది."

"మేక ఎవలది?"

"నీదే. అంటే అత్తది."

"నా మేక నా కారెక్కింది. నడుమ నీకేంది అల్లుడా బాధ?"

ఈ ప్రశ్నకు ఏ వకీలు దగ్గరైనా జవాబు ఉంటే నాకు చెప్పండి. అత్త లోపలి నుంచి ఇంకోటి విసిరింది. "మేక కాలు బెణికింది. దానికెవలిస్తరు, కంపెనోడా నువ్వా?"

ఆ రోజు కారును అక్కడే వదిలి ఇంటికి తిరిగి వచ్చే దారిలో నాకు సంగతి పూర్తిగా అర్థమైంది. ఇన్సూరెన్స్ అంత చవగ్గా వచ్చింది ఎందుకు? మామ జన్మలో క్లెయిమ్ చేయడు కాబట్టి. క్లెయిమ్ చేయని మనిషి కోసం జిల్లా అంతా గాలించి పట్టుకున్నది ఎవరు? నేనే. ఇప్పుడు ఆయన్ను క్లెయిమ్ చేయమంటే ఎందుకు చేస్తాడు?

అయినా ఊరుకోలేదు. జిలేబీలు పట్టుకుపోయాను, తిన్నాడు, సంతకం పెట్టలేదు. అమ్మ చేత ఫోన్ చేయించాను. "తమ్మీ, పిల్లగాడు పరేషాన్ అయితుండు" అని మొదలుపెట్టిన అమ్మ, అవతలి మాట విన్నాక ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "వాని బోనస్ జోలికి పోకు" అంది. ఇంతలో వానలు పట్టుకున్నాయి. కారు మామ వాకిట్లోనే, చెరుకు ట్రాలీకి కప్పే తాటిపత్రి పట్టా కింద ముసుగు తన్ని పడుకుంది.

ఒక ఆదివారం ఆ తాటిపత్రి ఎత్తి చూసి నిజంగానే ఏడ్చాను. పెళ్లీడు దాటిపోతున్న మగవాణ్ణి, మేకల ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ కారంటే నాకు అంత ప్రాణం. మామ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏడ్వకు అల్లుడా. మీ అక్కచెల్లెండ్లు అత్తగారింటికి పోయేటప్పుడు సుత గిట్ల ఏడ్వలే. నేను సూస్త పో."

ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. మామ మనసు కరిగింది, ఇక సంతకం పడ్డట్టే అనుకుని ఎగురుకుంటూ ఇంటికి వచ్చాను. డేవిడ్‌కు కాగితాలు సిద్ధం చేయమని చెప్పాను.

మళ్లీ ఆదివారం పోయేసరికి వాకిట్లో తాటిపత్రి మడతపెట్టి ఉంది. కారు లేదు. మామ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"సంతకం పెట్టినవా మామా?"

"పెట్టిన. మూడు చోట్ల పెట్టిన."

నేను ఆయన్ను అమాంతం కావలించుకున్నాను. "మరి కారేది? షెడ్డుకు తీస్కపోయిండ్రా?"

"ధర్మాబాద్ నుంచి సేటు ఒకాయన వచ్చిండు. చెరుకు కాంట్రాక్టరు. 'గాడీ ఛాన్ ఆహే', బండి మస్తున్నది అన్నడు. కొడుక్కట. ఇచ్చేసిన."

నేను కావలింత వదిలేశాను.

"నా బోనస్‌కు సుత ఏం గాలే" అని మామ నన్ను ఓదార్చాడు. "బండి అమ్మినా మూడేండ్ల దాక పోదట. డేవిడ్ చెప్పిండు."

"నా పైసలు మామా?"

మామ ముఖం గంభీరంగా మారింది. "నీ పైసల ఒక్క రూపాయి ముట్టుకోలే. ముట్టుకుంటె కండ్లు పోతయ్. దా, సూపెడుత."

ఇంటి వెనక పాత కారు ఉండే రేకుల షెడ్డులో, వరుసగా ఆరు ముర్రా బర్రెలు నెమరు వేస్తున్నాయి. ఆరింటి చెవులకూ పచ్చటి ఇన్సూరెన్స్ బిళ్లలు వేలాడుతున్నాయి.

"కారోలె గాదు అల్లుడా, ఇవి బరాబర్ నీ పేరు మీదనే తీసుకున్న" అన్నాడు మామ. "ఇన్సూరెన్స్ సుత అగ్గువకే వచ్చింది."

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ మనిషి ముఖంలో నాకు మేలు చేశానన్న సంతోషం చూశాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వెనక నుంచి సాయవ్వ అత్త నా పక్కకు వచ్చి, బర్రెల వైపు చూసి, ఆ కారు వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వింది.

కాబట్టి ఆరు బర్రెల సాక్షిగా, తూర్పు ముఖంగా నిలబడి ప్రతిజ్ఞ చేశాను. సగం ధరకు ఆశపడి నా వస్తువును ఇక జన్మలో మరొకరి పేరు మీద ఎక్కించను. ఎక్కించాల్సి వస్తే, జీవితంలో ఒక్కసారైనా క్లెయిమ్ చేసిన మనిషిని చూసుకుంటాను. అలాంటివాడు దొరక్కపోతే నడిచి పోతాను. ఈ మాట తప్పితే మళ్లీ మేకే నా కారు నడుపుగాక.

ప్రతిజ్ఞ అయ్యేదాకా మామ మర్యాదగా ఆగి, నా చేతికి పాల బకీటు ఇచ్చాడు.